చెవిలోనా, బుర్రలోనా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. ఒడిశాలోనే ఎంబీబీఎస్ చదువుతున్నాను. ఇప్పుడు రెండు వారాల సైకియాట్రీ పోస్టింగు నడుస్తోంది. "అది హాలిడే పోస్టింగు, మెడిసిన్ పేపర్లో వచ్చే ఒకటి రెండు ప్రశ్నలకి గైడు చాలు" అంటున్నారు సీనియర్లు. మొదటి రోజే పలాస వైపు నుంచి పాతికేళ్ళ తెలుగు పేషెంటు వచ్చాడు. మా సార్‌కి తెలుగు రాదు, నన్ను చెప్పమన్నారు. అతను "లోపల ఎవరో మాట్లాడుతున్నారు" అన్నాడు. నేను "చెవిలో గొంతులు వినిపిస్తున్నాయట సార్" అని ఒడియాలో చెప్పాను. "ఆ మాట అతనన్నాడా, నువ్వు అనుకున్నావా?" అన్నారు సార్. నాకు నోరు పెగల్లేదు. ఒక మామూలు డాక్టరుకి సైకియాట్రీ ఎంత తెలియాలి? చచ్చిపోవాలని ఉందా అని పేషెంటుని అడిగితే, లేని ఆలోచన మనమే పుట్టించినట్టు కాదా? ఇంకొకటి, నవ్వకండి. బరంపురం ఠాకురాణీ జాతరలో మా మేనత్తకి పూనకం వస్తుంది. అది డిసోసియేటివ్ డిజార్డర్, అంటే మనసు తన స్పృహ నుంచి విడిపోయే జబ్బు, అంటోంది హాస్టల్లో నా ఫ్రెండు. నిజమేనా?

సమాధానం:

అమ్మా, మీ సార్ నిన్ను తిట్టలేదు. సగం సబ్జెక్టు ఒక్క ప్రశ్నలో పెట్టి నీ చేతికిచ్చారు. నేను సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నా దగ్గరికి వచ్చిన పిల్లల్ని అడిగింది కూడా అదే.

మిగతా వార్డుల్లో ఎక్స్‌రే ఉంటుంది, రక్తం రిపోర్టు ఉంటుంది. మనకి పేషెంటు నోట వచ్చిన వాక్యమే రిపోర్టు. దాన్ని నువ్వు నీ మాటల్లోకి మార్చావంటే ఎక్స్‌రే ఫిల్మ్ మీద పెన్సిలు పెట్టి దిద్దినట్టే. కేస్‌షీటులో "హాలూసినేషన్స్ ఉన్నాయి" అని రాయడానికి అర నిమిషం పట్టదు. కానీ అది నీ తీర్పు. అతను అన్నది వేరు. "లోపల ఎవరో మాట్లాడుతున్నారు" అన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు, తెలుగులోనే, కొటేషన్లో రాసి, కింద దాని అర్థం రాయి.

ఎందుకంటే ఆ ఒక్క మాటకి నాలుగు అర్థాలున్నాయి. మనుషులెవరూ లేకపోయినా, నేను నీతో మాట్లాడుతున్నంత స్పష్టంగా, బయటి నుంచి గొంతు వినపడుతూ ఉండొచ్చు. అది హాలూసినేషన్. లేదా గొంతేమీ లేదు, తనవి కాని ఆలోచనలు ఎవరో తన బుర్రలోకి దూరుస్తున్నారని అతను నమ్ముతూ ఉండొచ్చు. దాన్ని థాట్ ఇన్‌సర్షన్ అంటాం. లేదా తన ఆలోచనే తనకి పైకి వినపడుతోందేమో. ఇవేవీ కాక, ఉద్యోగం పోయి, అప్పులు మీదపడి, "లోపల ఒకటే గోలగా ఉంది" అని మనమందరం అనే మామూలు మాటే అన్నాడేమో. ఈ నాలుగింటికీ నువ్వు ఒకటే అనువాదం చెప్పావు. మొదటి మూడూ స్కిజోఫ్రీనియా వైపు, అంటే నిజానికీ ఊహకీ తేడా చెదిరిపోయే పెద్ద మానసిక జబ్బు వైపు, చూపిస్తాయి. నాలుగోది ఏ జబ్బూ కాకపోవచ్చు.

కాబట్టి మళ్ళీ వెళ్ళి అడుగు. "మాటలు చెవిలోనా, బుర్రలోనా?" "ఇప్పుడు నేను మాట్లాడినట్టే వినపడుతోందా?" "ఒక్కరా, ఇద్దరా? మగ గొంతా, ఆడ గొంతా?" "మీతో మాట్లాడుతున్నారా, మీ గురించి వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారా?" "మీరు అన్నం తింటుంటే, 'ఇదిగో తింటున్నాడు' అన్నట్టు ఏమైనా అంటారా?" ఆఖరుది అన్నిటికంటే ముఖ్యం: "ఫలానాది చెయ్యి అని చెబుతారా? చెబితే చేస్తారా?" ఇద్దరు కూర్చుని తన గురించి చర్చించుకోవడం, చేసే పనికి కామెంటరీ చెప్పడం, ఆలోచనలు దూర్చడం, లాగేయడం, అందరికీ ప్రసారం చేయడం: ఇలాంటివాటిని జర్మన్ వైద్యుడు కర్ట్ ష్నైడర్ ఒకచోట చేర్చి మొదటి వరస లక్షణాలన్నాడు. పరీక్షలో తప్పకుండా అడుగుతారు. అవి ఉన్నంత మాత్రాన స్కిజోఫ్రీనియా అని ముద్ర వేసేయకు. మానియాలోనూ, అంటే హుషారూ వేగమూ హద్దు మీరే జబ్బులోనూ, కనిపిస్తాయి.

సరిహద్దులో పుట్టినదానివి గనక నీకొక ఆస్తి ఉంది, దాన్ని వాడుకో. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మ్యాపు మీద గీత పడింది గానీ నోళ్ళ మీద పడలేదు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఎక్కడ ఓపీలో కూర్చున్నా తెలుగు వినపడుతుంది. ఒడియా మాత్రమే వచ్చిన డాక్టరు, తెలుగు మాత్రమే వచ్చిన ముసలమ్మ, మధ్యలో నువ్వు. నా హౌస్ సర్జన్సీ రోజుల్లో ఒక ఒడియా కుర్రాడు ఇచ్ఛాపురం నుంచి వచ్చిన మామ్మని చాలా మర్యాదగానే "ముండ బింధుచి కి?" అని అడిగాడు. తల నొప్పిగా ఉందా అని. ఒడియాలో ముండ అంటే తల. మామ్మకి వినపడింది మొదటి మాటొక్కటే. ఆ తర్వాత ఓపీలో ఏమైందో నేను రాయలేను. కుర్రాడు కేస్‌షీటులో "ఇరిటబుల్, అబ్యూజివ్" అని రాసుకున్నాడు! నవ్వులాటకే చెప్పినా, మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్ ఏ భాషలో చేశామన్నది కూడా రాయాలని నాకు నేర్పింది ఆ మామ్మే.

ఆ ఎగ్జామినేషన్ ఒక్కటి వస్తే నీకు సబ్జెక్టు వచ్చినట్టే. మనిషి ఎలా ఉన్నాడు, ఎలా మాట్లాడుతున్నాడు, మూడ్, ఆలోచన, ఇంద్రియాలకి తోచేవి, జ్ఞాపకమూ ధ్యాసా, తనకి జబ్బుందని తెలుసా లేదా. వరస గైడులో ఉంది, నేను మళ్ళీ రాయను. పిల్లలు తడబడే చోట్లు మాత్రం చెబుతాను.

ఇల్యూజన్, హాలూసినేషన్, డెల్యూజన్. తెలుగు పేపర్లలో ఈ మూడింటికీ భ్రమ, భ్రాంతి అని కలిపి రాసేస్తారు, అందుకే నేను ఇంగ్లీషు పేర్లే వాడతాను. ఒక్క పాముతో మూడూ గుర్తుంటాయి. చీకట్లో తాడు చూసి పామనుకున్నావు. మన పెద్దవాళ్ళు వేదాంతం చెప్పడానికి వాడిన ఉదాహరణే, అది ఇల్యూజన్. వస్తువు ఉంది, తప్పుగా తోచింది. తాడూ లేదు, ఏమీ లేదు, పాము కనపడింది. అది హాలూసినేషన్. పాము కనపడనూ లేదు, కానీ పక్కింటివాడు తన మీదకి పాముని పంపిస్తున్నాడని గట్టిగా నమ్ముతున్నాడు, ఎంతమంది ఎన్ని రుజువులు చూపించినా వదలడు. అది డెల్యూజన్. ఇందులో మర్చిపోకూడని షరతు ఒకటుంది. ఆ నమ్మకం అతని ఊరికి, కులానికి, పెరిగిన వాతావరణానికి పొసగనిదై ఉండాలి. మన వైపు చిల్లంగి పెట్టారని నమ్మేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. ఊరంతా నమ్మేదాన్ని ఒకడూ నమ్మితే డెల్యూజన్ కాదు. మరి ఎప్పుడు అనుమానించాలి? ఇంట్లోవాళ్ళని అడుగు. "మేమూ చిల్లంగిని నమ్ముతాం బాబూ, కానీ వీడు చెప్పేది అది కాదు, సెల్ టవర్లోంచి పంపుతున్నారంటాడు" అన్నారనుకో, అప్పుడు చెవి నిక్కబొడుచుకోవాలి.

ఇక ఆలోచన తీరు. మోకాలు ఎప్పటినుంచి నొప్పి అని తాతని అడిగితే, తుపాను వచ్చిన ఏడాది నుంచి మొదలుపెట్టి, చిన్నకూతురి పెళ్ళి మీదుగా, ఆవు ఈనిన సంగతి చెప్పి, చివరికి "అదిగో అప్పట్నించీ" అని మోకాలికి వస్తాడు. చుట్టూ తిరిగినా ఇంటికి చేరాడు. అది సర్కమ్‌స్టాన్షియల్. ఎప్పటికీ చేరకపోతే టాన్‌జెన్షియల్. మానియాలో కట్టు వేరు. వేగం, ప్రాసలు, ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి: "డాక్టరు బాబూ, డాక్టరంటే ట్రాక్టరు, ట్రాక్టరు మా మావది, మావది మామిడితోట, తోటకూర తిన్నావా, కూర లేకపోతే కూరుకుపోతావ్..." వింటే నవ్వొస్తుంది, లింకులు కూడా దొరుకుతాయి. దాన్ని ఫ్లైట్ ఆఫ్ ఐడియాస్ అంటారు. స్కిజోఫ్రీనియాలో ఆ లింకే దొరకదు. ఒక్కొక్క మాటా అర్థమవుతుంది, వాక్యం మొత్తంలో ఏమన్నాడో చెప్పమంటే చెప్పలేవు. అందుకే మళ్ళీ చెబుతున్నా, రెండు వాక్యాలు ఉన్నవున్నట్టు రాసుకో.

సామెతకి అర్థం అడగడం ఇంకో పరీక్ష. దయచేసి ఇంగ్లీషు సామెతని తెలుగు చేసి అడక్కు, దొర్లే రాయికి నాచు పట్టదన్న సామెత మనవాళ్ళకెవరికీ తెలియదు. "దూరపు కొండలు నునుపు" అంటే ఏమిటని అడుగు. నేనొకసారి పర్లాకిమిడి దగ్గర క్యాంపులో అడిగితే ఆ యువకుడు కిటికీలోంచి మహేంద్రగిరి వైపు చూసి, "నునుపేం కాదు సార్, ఎక్కాను, అంతా రాళ్ళే" అన్నాడు. కాంక్రీట్ థింకింగ్, అంటే మాట వెనక భావం అందక పైమాటనే పట్టుకోవడం, ఏమిటో నాకు అంతకంటే బాగా ఎవరూ చూపించలేదు. కాకపోతే బడి ముఖం చూడనివాళ్ళలో ఈ పరీక్ష ఒక్కటే నమ్ముకోకూడదు. నూట్లోంచి ఏడు తీసేస్తూ పొమ్మనడం కూడా అంతే. యాభై రూపాయలిచ్చి ముప్పై రెండు రూపాయల సరుకు కొంటే చిల్లరెంత అని అడిగితే, సంతకి వెళ్ళే ఆడమనిషి నీకంటే ముందు చెబుతుంది.

ఇప్పుడు, ఏ స్పెషాలిటీకి వెళ్ళినా నీకు పనికొచ్చే సంగతి. నేను తప్పు చేసి నేర్చుకున్నది. ఊరూ ఆసుపత్రీ పేరు వద్దు. రాత్రి డ్యూటీ. అరవై ఎనిమిదేళ్ళ ఆవిడని కొడుకు తీసుకొచ్చాడు. రెండు రోజులుగా పిచ్చిపిచ్చిగా మాట్లాడుతోందట, గోడ మీద చీమలు పాకుతున్నాయంటుందట. క్యాజువాల్టీలో "సైకియాట్రీ కాల్" అని రాసి చేతులు దులుపుకున్నారు. నేనూ తక్కువ తినలేదు, పది నిమిషాలు మాట్లాడి, హాలోపెరిడాల్ అనే మానసిక జబ్బుల ఇంజెక్షన్ రాసి, సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిన స్థితి) అని పెట్టి పడుకున్నాను. పొద్దున్న పదింటికి చూస్తే ఆవిడ నిమ్మళంగా కూర్చుని కాఫీ తాగుతోంది. సాయంత్రానికి మళ్ళీ మామూలే, దుప్పటి పీకుతూ, కొడుకుని చూసి "నాన్నా" అంటూ. మా సీనియర్ వచ్చి ఒక్కటే అడిగారు: "వారాల పేర్లు వెనక్కి చెప్పించావా?" చెప్పించలేదు. ఆయన చెప్పించారు. ఆదివారం, శనివారం దాకా వచ్చి, "సోమవారం... మీరెవరు బాబూ?" అంది. ధ్యాస నిలబడలేదు. ఒళ్ళు చూస్తే జ్వరం. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం బాగా పడిపోయింది. అది సైకోసిస్ కాదు, డెలీరియం, అంటే ఒంట్లో జబ్బు వల్ల మెదడు తికమకపడడం. యాంటిబయాటిక్స్ పడి, సోడియం మెల్లగా సర్దుకున్నాక నాలుగో రోజుకి మామూలు మనిషయింది. ఇంటికి వెళ్తూ నన్ను చూసి "నీకు నిద్ర చాలట్లేదు బాబూ, కళ్ళు లోపలికి పోయాయి" అంది.

కాబట్టి గుర్తులు: హఠాత్తుగా మొదలవడం, పూట పూటకీ మారడం, ధ్యాస నిలవకపోవడం, రాత్రిళ్ళు ఎక్కువవడం, వినపడడం కంటే కనపడడం ఎక్కువ కావడం. వీటికి జ్వరమో, తలకి దెబ్బో తోడైతే, లేదా ఇంతకుముందు ఏ మానసిక జబ్బూ లేని మనిషికి యాభై దాటాక మొదటిసారి వస్తే, ముందు ఒంటిని వెతుకు. మన దగ్గర ఇంకొకటి చేర్చుకోవాలి. కోరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ వైపు నుంచి జ్వరంతో మాట తేడాగా వచ్చిన ఏ మనిషినైనా మలేరియా పరీక్ష చేయకుండా సైకియాట్రీకి పంపడం నేరం. ఫాల్సిపారమ్ రకం మలేరియా మెదడుకెక్కితే మొదట కనపడేది అదే కావచ్చు. గుణియా, అంటే భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి ఆలస్యం చేశారని ఇంట్లోవాళ్ళని తిడతాం. వాళ్ళు అక్కడికి వెళ్ళింది గాలి సోకిందనుకుని, మనం పంపింది పిచ్చి అనుకుని. తేడా ఏముంది?

డెలీరియానికి అన్నదమ్ముడు సారా. ఇది నీకు ఆర్థోపెడిక్స్ వార్డులో కనపడుతుంది చూడు. తొడ ఎముక విరిగి చేరిన మనిషి, రెండు రోజులు బుద్ధిగా ఉన్నవాడు, మూడో రాత్రి చెమటలు పట్టి, చేతులు వణుకుతూ, మంచం మీద లేని పురుగుల్ని ఏరుతూ, డ్రిప్ పీకేసుకుని, "బండి వచ్చింది, లోడు దించాలి" అని దిగిపోతుంటాడు. రోజూ ఇప్పసారా తాగేవాడు, చేరినప్పటి నుంచి చుక్క లేదు. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. మానేసిన ఆరేడు గంటలకే వణుకు మొదలవుతుంది, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య డెలీరియం ట్రెమెన్స్. వదిలేస్తే ప్రాణాలు పోతాయి. దీనికి వైద్యం బెంజోడయజెపిన్స్ అనే శాంతపరిచే మందులు. లివర్ బాగా దెబ్బతిన్నవాడైతే లోరాజెపామ్ మేలు. ఇంకొకటి అరచేతిలో రాసుకో: గ్లూకోజు ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్. థయమిన్ లేనివాడికి గ్లూకోజు ఒక్కటే పోస్తే వెర్నికీ అనే మెదడు జబ్బుకి దారి: మాట తికమక, కళ్ళు కదలకపోవడం, నడక తూలడం. మూడూ ఒకేసారి కనపడాలని కూర్చోకు, చాలామందిలో మూడూ కనపడవు. అసలు ప్రతి అడ్మిషన్‌కీ, ఏ వార్డయినా సరే, "పొద్దున్నే లేవగానే వణుకు తగ్గడానికి ఒక గుక్క పడాలా?" అని అడుగు. "తాగుతావా?" అంటే లేదంటారు. ఇలా అడిగితే పక్కనున్న భార్య జవాబు చెబుతుంది.

మందుల గురించి ఒకటి రెండే. హాలోపెరిడాల్ పడిన కుర్రాడు ఒకటి రెండు రోజుల్లో మెడ పక్కకి తిరిగిపోయి, గుడ్లు పైకి వెళ్ళిపోయి, నాలుక మెలిపడి వస్తాడు. చూసినవాళ్ళకి దెయ్యం పట్టినట్టే ఉంటుంది. కంగారు పడకు. అది అక్యూట్ డిస్టోనియా. ప్రోమెథజీన్ ఇంజెక్షన్, వార్డులో అందరూ ఫినర్గాన్ అనేది, ఇస్తే అర గంటలో మెడ నిలబడుతుంది. మన వృత్తిలో ఇంత త్వరగా పేరొచ్చే వైద్యం ఇంకోటి లేదు. కానీ అదే మందు మీద ఉన్న మనిషికి ఒళ్ళు కట్టెలా బిగిసి, జ్వరం, చెమటలు, తికమక వస్తే అది న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్. మందు ఆపి ఐసీయూకి పరిగెత్తాలి. రెంటికీ తేడా తెలియాలి.

లిథియం అనే మందు సంగతి మన ఎండలకి సంబంధించినది. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ మానియాకి వాడి చూపించాడు, ఇప్పటికీ దాన్ని మించినది లేదంటాను నేను. రక్తంలో లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి, 1.5 దాటితే విషం. పరీక్ష ఆఖరి మోతాదు తర్వాత 12 గంటలకి. మే నెలలో పొలంలో చెమట కక్కే మనిషికి, విరేచనాలు పట్టుకున్న మనిషికి, మోకాలి నొప్పికని మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కున్న మనిషికి ఆ అంకె పైకి పోతుంది. వాంతులు, పెద్ద వణుకు, తూలడం. "ఎండదెబ్బ" అని సెలైను పెట్టి పంపేసే ముందు "మీరు రోజూ వేసుకునే మాత్రలేమిటి?" అని అడిగితే ఒక కిడ్నీ మిగులుతుంది.

డిప్రెషన్. మనవాళ్ళెవరూ "నాకు డిప్రెషన్" అని రారు. నీరసం, ఒళ్ళంతా మంటలు, తల దిమ్ము, గుండెల మీద రాయి పెట్టినట్టు ఉందని వస్తారు. మూడు స్కానింగులు, రెండు గ్యాస్ మాత్రలు అయ్యాక మన దగ్గరికి. నిద్ర, ఆకలి, దేని మీదా ఆసక్తి లేకపోవడం, తప్పంతా నాదే అన్న భావన, రెండు వారాలుగా రోజులో ఎక్కువ భాగం ఇలాగే ఉందా, అడుగు. థైరాయిడ్, రక్తహీనత చూడు. మందు రాసే ముందు ఇంకో ప్రశ్న తప్పనిసరి: "ఎప్పుడైనా వారం రోజులు నిద్ర లేకపోయినా హుషారుగా తిరిగి, డబ్బు ఇష్టమొచ్చినట్టు ఖర్చుపెట్టారా?" అవునంటే అది బైపోలార్, అంటే డిప్రెషనూ మానియా మారి మారి వచ్చే జబ్బు, కావచ్చు. వట్టి యాంటీడిప్రెసెంట్ ఇస్తే మానియాలోకి తోసినట్టవుతుంది. ఇంకా, మాత్ర పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని మొదటి రోజే చెప్పు. చెప్పకపోతే ఐదో రోజుకి మానేస్తారు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలని చెప్పు.

నీ భయం సంగతికి వస్తాను. చచ్చిపోవాలని ఉందా అని అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఉన్నవాడికి చెప్పుకునే తలుపు తెరుచుకుంటుంది, అంతే. చాలామంది "ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తున్నాను" అన్నవాళ్ళే. కాకపోతే తలుపు తన్నకూడదు. మెట్లున్నాయి. "ఇంత కష్టంలో ఒక్కోసారి బతకడమెందుకు అనిపిస్తుంది కొందరికి. మీకు అనిపిస్తుందా?" అను. అవునంటే, "మిమ్మల్ని మీరు ఏమైనా చేసుకోవాలనిపించిందా?" తర్వాత, "ఎలా అని ఆలోచించారా? అవి ఇంట్లో ఉన్నాయా? ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించారా?" ముఖం తిప్పకుండా, పెన్ను కింద పెట్టి అడుగు. ఆలోచన ఉందంటే ఒంటరిగా పంపకు, సీనియర్‌కి ఆ నిమిషమే చెప్పు, ఇంట్లో పురుగుమందూ మాత్రలూ తాళం వేసి వేరొకరి చేతిలో పెట్టమని బంధువులకి చెప్పు. ప్రభుత్వ మానసిక సహాయ ఫోను టెలి-మానస్ నంబరు 14416 చీటీ మీద రాసివ్వు. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, డబ్బులు లేవు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. నీకు అవసరమైనా సరే. హాస్టల్ పిల్లలు ఆ నంబరు పేషెంట్ల కోసమే అనుకుంటారు. పోలీసు కేసవుతుందని బంధువులు దాచిపెడితే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించకూడదని చెప్పు. అదే చట్టం మత్తు ఇవ్వకుండా కరెంటు పెట్టడాన్ని నిషేధించింది. సినిమాల్లో చూపించే ఆ అరుపుల సీను ఇప్పుడు నేరం. మత్తిచ్చి చేసే ఈసీటీ (కరెంటు వైద్యం) మాత్రం మంచి వైద్యం, అవకాశం దొరికితే ఒకటి కళ్ళారా చూడు.

ఏది వదిలేయొచ్చు? పాత గైడులో ఉన్న స్కిజోఫ్రీనియా రకాలు, పారనాయిడ్, హెబిఫ్రెనిక్ వగైరా. 2013లో అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పుస్తకం డీఎస్ఎం-5, ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11, రెండూ వాటిని తీసేశాయి. ఎగ్జామినర్ వయసుని బట్టి చూసుకో. వ్యవధులు మాత్రం కంఠతా ఉండాలి: డిప్రెషన్‌కి రెండు వారాలు, మానియాకి ఒక వారం, దాని తేలిక రూపమైన హైపోమానియాకి నాలుగు రోజులు, స్కిజోఫ్రీనియాకి ఐసీడీలో ఒక నెల, డీఎస్ఎంలో ఆరు నెలలు. ఆ చివరిది వైవాలో సరదాకైనా అడుగుతారు.

ఇక మీ మేనత్త. నవ్వలేదమ్మా, మంచి ప్రశ్న. ఠాకురాణీ జాతర రెండేళ్ళకోసారి చైత్రంలో వస్తుంది. బుడీ ఠాకురాణి పుట్టింటికి వచ్చిందని ఊరంతా ఆడపడుచుని చూసుకున్నట్టు చూసుకుంటుంది. మన నేతవాళ్ళతో మొదలైన పండగే. రాత్రి ఘటాలు వీధిలోకి వచ్చినప్పుడు, డప్పు మోగుతుంటే, మీ అత్తకి పూనకం వస్తుంది. వస్తుందని ఆవిడకి తెలుసు, చుట్టూ ఉన్నవాళ్ళకీ తెలుసు. అక్కడే వస్తుంది, అక్కడే పోతుంది, మర్నాడు ఇంట్లో వంట చేసుకుంటుంది. ఐసీడీ-11లో పొసెషన్ ట్రాన్స్ డిజార్డర్ అని ఉన్నమాట నిజమే. కానీ అదే పుస్తకం రెండు షరతులు పెట్టింది. మనిషికి ఇష్టం లేకుండా రావాలి, ఆ సమాజం ఒప్పుకున్న ఆచారంలో భాగం కాకుండా ఉండాలి. పైగా దానివల్ల బాధో, జీవితంలో నష్టమో ఉండాలి. ఘటం ముందు వచ్చిన పూనకం జబ్బు కాదు. జాతర లేని రోజున, వద్దన్నా వస్తూ, ఇల్లు గడవకుండా చేస్తే అప్పుడు చూద్దాం. కొత్త కోడలికి అత్తగారు తిట్టిన ప్రతిసారీ వస్తుంటే, అప్పుడు చూడవలసింది కోడల్ని ఒక్కదాన్నే కాదు.

మీ ఫ్రెండుకి కోపం తెప్పించకుండా ఈ రెండు షరతులూ చూపించు. మీ అత్తకి మాత్రం ఏమీ చెప్పకు. డప్పు ఆగాక కొబ్బరినీళ్ళివ్వు, మర్నాడు ఒళ్ళు నొప్పులంటే ఒక పారాసెటమాల్.